గీత కిందికి, తూటా పైకి

రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, స్కోపులోంచి చూస్తూ పై నాబ్‌ను ‘పైకి’ అన్న బాణం వైపు తిప్పి చూడండి. గురిగీతలు లక్ష్యం మీద కిందికి జారతాయి. కొత్తగా స్కోపు బిగించుకున్నవాళ్లు ఇక్కడే కంగారుపడి, పరికరం చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. ఆ బాణం చెప్పేది తూటా తగిలే చోటు గురించి, గీతల గురించి కాదు. కిందికి జారిన గీతలను మళ్లీ లక్ష్యం మధ్యకు తేవాలంటే బ్యారెల్ కాస్త ఎత్తాలి. అప్పుడు తూటా పైన తగులుతుంది.

ఈ తలకిందుల కథ నాలుగు వందల ఏళ్ల నాటిది. గెలీలియో టెలిస్కోపులో గురిగీతలకు చోటు లేదు, దాని గొట్టం లోపల ఎక్కడా బింబం ఏర్పడదు కనక. కెప్లర్ 1611లో వివరించిన, రెండు కుంభాకార కటకాల టెలిస్కోపులో మాత్రం బింబం లోపలే ఏర్పడుతుంది, అదీ తలకిందులుగా. 1640 ప్రాంతంలో లీడ్స్ దగ్గర విలియం గాస్కోయిన్ అనే ఖగోళ పరిశీలకుడి టెలిస్కోపులో ఒక సాలీడు దారం కట్టింది. అది సరిగ్గా బింబం ఏర్పడే చోట పడడంతో, దూరపు దృశ్యంతో పాటు దారం కూడా స్పష్టంగా కనిపించింది. ఆయన దాన్ని దులిపేసి ఊరుకోలేదు. అదే చోట, మర తిప్పితే జరిగే సన్నని అంచులను అమర్చి సూర్యచంద్రుల వ్యాసాలు కొలిచాడు. స్కోపు నాబ్‌కు మూలం ఆ మరే అని నా నమ్మకం. 1644లో మార్స్టన్ మూర్ యుద్ధంలో ఆయన చనిపోయాడు. నక్షత్రాలు కొలిచే చేయి అలా యుద్ధభూమిలో ఆగిపోవడం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తుపాకీ మీదికి మంచి టెలిస్కోపును ఎక్కించినవారిలో అమెరికాలోని సిరక్యూస్‌కు చెందిన విలియం మాల్కం ఒకడు. 1855లో ఆయన ఈ పని మొదలుపెట్టాడు. అప్పట్లో సర్దుబాటు అంటే గొట్టం మొత్తాన్నీ దిమ్మెల మీద జరపడమే. ఆ యంత్రాంగం గొట్టం లోపలికి చేరింది ఇరవయ్యో శతాబ్దంలో.

లోపల జరిగేది అర్థం కావాలంటే ముందు స్కోపు లేని గురిని చూద్దాం. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోపు వాడనివ్వరు. కంటి దగ్గర చిన్న రంధ్రం, బ్యారెల్ కొసన వలయం, అంతే. వెనక రంధ్రాన్ని ఎటు జరిపితే తూటా అటే పోతుంది. స్కోపులోనూ ఇదే సూత్రం. ముందున్న కటకం ముందు గురి. బింబం దగ్గర ఉండే, నాబ్ కదిపే లోపలి గొట్టం కొస వెనక గురి. ఆ కొస పైకి లేస్తే తూటా పైకి. అయితే ఆ గొట్టంలోని కటకాలు తలకిందుల బింబాన్ని నిలబెట్టి కంటికి చూపుతాయి. అందుకే లోపల పైకి వెళ్లింది కంటికి కిందికి దిగినట్టు కనిపిస్తుంది.

అసలు జబ్బులు వేరే ఉన్నాయి. చాలా స్కోపుల్లో ‘పైకి’, ‘కుడికి’ తిప్పినప్పుడు మర వెనక్కి వస్తుంది. అంటే అది చోటు ఇస్తుందే తప్ప నెట్టదు. నెట్టాల్సింది ఎదుటి వైపు, కింద ఎడమ మూలన ఉన్న స్ప్రింగ్. అది బలహీనపడితే గొట్టం కదలదు. కాల్చేవాడు నాబ్‌ను ఇంకో నాలుగు క్లిక్కులు తిప్పుతాడు. అప్పుడు తుపాకీ వెనక్కి తన్నిన కుదుపుకి గొట్టం ఒక్కసారిగా ఎగురుతుంది, తూటా ఎక్కడికో పోతుంది. అనుభవజ్ఞులు కావలసిన దానికంటే కొన్ని క్లిక్కులు ఎక్కువ తిప్పి వెనక్కి వచ్చేది ఇందుకే: చివరి కదలిక మర నెట్టినదై ఉండాలి.

ఇంకొకటి వాలు. స్కోపు రింగుల్లో 5 డిగ్రీలు పక్కకు వాలి ఉంటే, రైఫిల్ నిటారుగా పట్టుకున్నా, తూటాను మీటరు పైకి తెచ్చే సర్దుబాటు దాన్ని దాదాపు 9 సెంటీమీటర్లు పక్కకు కూడా తోస్తుంది. స్కోపును పావువంతు తిప్పి, కుడి నాబ్ పైకి వచ్చేలా బిగించారా? అప్పుడు ‘పైకి’ అంటే ఎడమకి. మరొకటి, బోల్టు తీసి బ్యారెల్ లోంచి లక్ష్యాన్ని చూస్తూ గీతలను దాని మీదికి తెచ్చేటప్పుడు నాబ్‌ను బాణానికి ఎదురు తిప్పాలి, ఎందుకంటే అక్కడ కదిలించేది గీతలనే.

ఏ జబ్బో తేల్చే పరీక్ష కాగితం మీద చతురస్రం. గురి ఒకే చుక్క మీద ఉంచి కాల్చండి. 20 క్లిక్కులు పైకి వేసి కాల్చండి. తర్వాత కుడికి, కిందికి, ఎడమకి అన్నే క్లిక్కులు. పావు నిమిషం కోణపు క్లిక్కయితే 100 మీటర్ల దగ్గర ఒక్కో భుజం దాదాపు 14.5 సెంటీమీటర్లు రావాలి, చివరి తూటా మొదటి రంధ్రం దగ్గరికి చేరాలి. చతురస్రం నిండుగా ఉండి పక్కకు ఒరిగితే రింగులు వదులు చేసి స్కోపు నిలబెట్టండి. పైకి, కుడికి వెళ్లే భుజాలు కుంచించుకుపోయి, కిందికి, ఎడమకి వచ్చేవి సరిగ్గా ఉంటే స్ప్రింగ్ అయిపోయినట్టే. ఆ స్కోపును బాగుచేసేవాడికి పంపాలి.