ఉష్ణచిత్రములును మన గుహలును

బావినీటి సంగతి ఆస్పరి, ఆదోని ప్రాంతపు పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. మాఘమాసపు వేకువను ఆ నీరు గోరువెచ్చగా తోచును. వైశాఖపు మధ్యాహ్నమున అదియే చల్లగా నుండును. మారినది నీరు కాదు, పైనున్న నేలయు గాలియు.

ఈ చిన్న సత్యమే నేడు గుహలను వెదకు సాధనమైనది. ప్రతి వస్తువును తన వేడిమికి తగినట్లు, కంటి కగపడని పరారుణ కిరణములను వెలువరించును. వానిని గ్రహించు కెమేరా చీకటిలో సైతము వేడిమి భేదములను చిత్రించును. బండనేల పగలు కాగి రాత్రి చల్లారును. గుహలోని గాలి సంవత్సరమంతయు నించుమించుగ నొక్కతీరున నుండును. కావున గుహాముఖము పగటి చిత్రమున చల్లని మచ్చగను, తెల్లవారుజామున వెచ్చని మచ్చగను పొడగట్టును.

అగ్నిపర్వత ద్రవము ప్రవహించునపుడు పైపొర గట్టిపడి, లోపలి ద్రవము జారిపోగా సొరంగములు మిగులును. అట్టి లావా నేలలందు ఈ పద్ధతి మిక్కిలి ఫలించినది. అంగారక గ్రహమున ఆర్సియా పర్వతముపై ఏడు బిలములను ఉష్ణచిత్రముల సాయమున పరీక్షించి, అవి గుహాముఖములు కావచ్చునని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. చంద్రుని ప్రశాంత సాగరమందలి యొక బిలపు నీడలో వేడిమి 17 డిగ్రీల సమీపమున నిలుచునని 2022లో తేల్చిరి. 2008లో మన శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-1 పంపిన ఛాయాచిత్రములలో సైతము, కిలోమీటరున్నరకు మించిన యొక లావా సొరంగమును మనవారు గుర్తించిరి.

ఇక మన యింటి సంగతి. ఆస్పరి నేలక్రింది గ్రానైటు జాతి శిల నీటికి సులభముగ కరగదు. తూర్పున బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములది సున్నపురాయి. నీరు దానిని యుగములుగా కరగించి గుహలను తొలిచినది. బిల్లసర్గములో 1844లో న్యూబోల్డు ప్రాచీన జంతువుల యెముకలను గాంచెను. పిమ్మట రాబర్టు బ్రూసు ఫూటు, ఆయన కుమారుడు అచట త్రవ్వి సేకరించిన యెముకలలోని యొక ఖడ్గమృగమునకు కర్నూలు పేరే పెట్టబడినది. 1884లో ఫూటు పేర్కొనిన బెలుము గుహను 1982, 83లలో జర్మను బృందము కొలిచిన పిమ్మటగాని లోకము దాని విలువ నెరుగలేదు. అది 3229 మీటర్ల పొడవు గలది!

ఇట్టివి మరియెన్ని కలవో చూడవలదా? ఆ రాతిని పలకలకును సిమెంటునకును త్రవ్వుట వేలమందికి బ్రదుకుదెరువు. దానిని మాన్పుమనుట అవివేకము. కాని యే బండక్రింద నేమున్నదో చూడకయే మందుపెట్టి పేల్చుట అంతకు మించిన యవివేకము. పగిలిన గుహ మరల పుట్టదు. చెదరిన యెముకలు మరల పలుకవు.

ఉష్ణచిత్రము సర్వజ్ఞము కాదు. మందమైన కప్పుక్రింద దాగిన గుహను అది చూడలేదు. నీడయు తడియు దానిని మోసగింపగలవు. కావున పగటి చిత్రమును వేకువ చిత్రముతో పోల్చవలెను; గుట్టలెరిగిన గొఱ్ఱెలకాపరులను విచారింపవలెను; పిమ్మట మనుష్యులు స్వయముగ పోయి చూడవలెను. త్రవ్వకములకు అనుమతి నిచ్చుటకు ముందే ఇంతమాత్రపు పరీక్ష జరుగవలెనని ప్రభుత్వమును కోరుట భూస్వాముల కర్తవ్యము, పట్టణవాసుల కర్తవ్యము. చంద్రుని బిలములను వెదకిన జాతికి తన గుట్టలపై నొక వేకువ గడుపుట భారము కారాదు.