సాయంత్రం 4 నుంచి 9 దాకా

కాలిఫోర్నియాలో సోలార్ కొటేషన్లు ఇంకా ఏడాది లెక్కమీదే నడుస్తున్నాయి. మా ఇంటికిచ్చిందీ అంతే: ఏడాదికి 9,000 యూనిట్లు వాడుతున్నారు, 6 కిలోవాట్ల ప్యానెళ్ళు పెడితే బిల్లు ఉండదన్నారు. 2023 ఏప్రిల్ 14లోగా దరఖాస్తు పెట్టినవారికి ఆ లెక్క చెల్లుతుంది. గ్రిడ్‌కిచ్చిన యూనిట్‌కు వాళ్ళకు దాదాపు కొన్న ధరే జమవుతుంది. తర్వాత చేరినవారికి సగటున అందులో నాలుగో వంతే. మధ్యాహ్నం అడ్డికి పావుసేరుగా అమ్ముకుని, అత్యంత ప్రియమైన 4 నుంచి 9 గంటల వేళలో తిరిగి కొనుక్కోవడమన్నమాట.

కాబట్టి ముందు సాయంత్రాన్ని కొలవండి. కరెంటు కంపెనీ వెబ్‌సైట్‌లో గంటగంటకూ వాడకం చూపే గ్రీన్ బటన్ ఫైలు ఉంటుంది. జూలైది, డిసెంబరుది రెండూ దింపుకుని ఆ అయిదు గంటల వాడకం కూడండి. మన ఇళ్ళలో పిల్లలు బడినుంచి రావడం, వంట, ఏసీ, బట్టల డ్రైయర్, అన్నీ అప్పుడే. రోజుకు 10 యూనిట్లు తేలితే 13.5 యూనిట్ల బ్యాటరీ ఒకటి చాలు. రెండోది అంటగట్టబోతే ఎందుకో లెక్క చూపమనండి. కారు చార్జింగు ఈ కూడికలో కలపకండి, దాన్ని మధ్యాహ్నానికో అర్ధరాత్రి దాటాకో మార్చుకోవచ్చు.

బ్యాటరీ ఒక్కసారిగా ఎన్ని కిలోవాట్లు ఇవ్వగలదో కూడా తప్పక అడగండి. 5 కిలోవాట్లదైతే సెంట్రల్ ఏసీ, ఎలక్ట్రిక్ పొయ్యి కలిసి నడిచినప్పుడు చాలదు. అందులో చార్జి నిండుగా ఉన్నా తక్కువపడింది గ్రిడ్‌నుంచే వస్తుంది, అదీ ఖరీదైన గంటలో. పైగా డిసెంబరులో ప్యానెళ్ళ ఉత్పత్తి జూన్‌కంటే బాగా తగ్గుతుంది, అప్పుడు పెద్ద బ్యాటరీ పెట్టినా నిండకపోవచ్చు. సొంతంగా కొనేవారికి 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ 2025తోనే ముగిసింది, అదనంగా కొన్న ప్రతిదాని బరువూ ఇక మనమీదే.

పాత పద్ధతిలో ఉన్నవారూ జాగ్రత్త. 10 శాతమో, 1 కిలోవాటో, ఏది ఎక్కువైతే అంతకు మించి ప్యానెళ్ళు పెంచితే పాత రేటు పోతుంది. బ్యాటరీ చేరిస్తే పోదు.

ఉన్నప్పుడు నిలవచేసి లేనప్పుడు వాడుకోవడం మనవాళ్ళకు తెలిసిన విద్యే. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు నేటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్కేంద్రంలో కిందికి వదిలిన నీటినే మళ్ళీ పైకి తోడగల టర్బైన్లున్నాయి. ఈ సంగతులు పిల్లలకు తెలుగులో చెబుతూ, ఆ ఫైలు ముందేసుకుని వాళ్ళతోనే కూడించండి. ఆ అంకె చేతికొచ్చేదాకా ఏ కాగితంమీదా సంతకం పెట్టకండి.