మనసును మలిచే మూసలు

మనిషి పిరికివాడుగా పుట్టడు. ధైర్యవంతుడుగానూ పుట్టడు. తల వంచడం, అబద్ధమాడటం, పక్కవాణ్ణి అనుమానించడం, పొరుగింటి కష్టానికి పరుగెత్తడం - ఇవన్నీ పుట్టిన తర్వాత నేర్చుకునేవే. నేర్పేదెవరు? ఇల్లు, బడి, పొలం, పెత్తందారు, పెళ్లి, పండుగ. ప్రతి శిశువూ నిర్మలమైన సహజ స్వభావంతోనే పుడుతుందనీ, ఆ తర్వాత దానిని ఒక దారిలో పెట్టేది తల్లిదండ్రులేననీ దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మన ఇళ్లలో తరచుగా వినేదే.

ఈ విషయాన్ని ఒక శాస్త్రంగా పరిశీలించిన తొలితరం మేధావుల్లో ఇబ్న్ ఖల్దూన్ ముఖ్యులు. 1332లో ట్యూనిస్‌లో జన్మించి 1406లో కైరోలో కన్నుమూసిన ఈ చరిత్రకారుడు 1377లో రాసిన 'ముఖద్దిమా'లో మూడు సంగతులు తేల్చి చెప్పారు. ఒకటి, మనిషిని తయారు చేసేది అతని నైజం కన్నా అతనికి అలవాటైన జీవితమే. రెండు, జనం మధ్య కనిపించే తేడాలు చాలావరకు వారు బతుకుతెరువు సంపాదించుకునే తీరును బట్టి వస్తాయి. మూడు, దండనకు జడిసి బతికేవారిలో తెగువ నశిస్తుంది.

ఈ మాటలకు రుజువు కోసం ట్యూనిస్ దాకా పోనక్కరలేదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్లే దారిలో చిలుకూరు ఉంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఆ చుట్టుపక్కల ప్రాంతపు ఎనభై, తొంభై ఏళ్ల చరిత్రను ఒకసారి తిరగేస్తే మూడింటికీ సాక్ష్యం దొరుకుతుంది.

గడీ నేర్పిన భయం

నిజాం పాలనలో తెలంగాణ పల్లెకు గడీయే కచేరీ, గడీయే ఠాణా. వేల ఎకరాలు దేశ్‌ముఖ్‌ల గుప్పిట్లో ఉండేవి. ఒక్క విసునూరు దేశ్‌ముఖ్ కిందే 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ - ఏ కులం వారు ఏ పని ఊరికే చేసిపెట్టాలో ముందే నిర్ణయమై ఉండేది. దానికి వెట్టి అని పేరు. గడీ ముందు నుంచి నడిచేటప్పుడు కాలి చెప్పులు చేతిలోకి రావాలి. నోట వచ్చే మాట ఒక్కటే: "నీ బాంచన్ దొరా, కాల్మొక్త." బాంచన్ అంటే బానిస.

ఆ మాట ఒక పసివాడి చెవిలో ఎలా పడి ఉంటుందో ఆలోచించండి. ఇంట్లో తనను భుజాన ఎత్తుకుని తిప్పే తండ్రి, గడీ గుమ్మం ముందు నడుం వంచి సగం మనిషైపోతాడు. అక్షరం నేర్వకముందే ఆ పిల్లవాడు ఒక పాఠం నేర్చేస్తాడు - మన పుట్టుకే ఇంత అని. ఇక వాణ్ణి కొట్టి భయపెట్టే పని దొరకు ఉండదు. తన కాపలా తానే కాసుకునే భయం వాడి లోపలే కూర్చుంటుంది. వ్యవస్థ బలమంతా అక్కడే ఉంది.

ఆ భయం నైజం కాదని తేల్చి చూపిన వారిలో షేక్ బందగీ ఒకరు. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో కొద్దిపాటి భూమి ఉన్న సామాన్య ముస్లిం రైతు. విసునూరు దేశ్‌ముఖ్ అండ చూసుకుని తన భూమి కాజేయాలని చూసినవారిపై ఆయన కోర్టుకెక్కారు, గెలిచారు. ఆ గెలుపును సహించలేక 1940లో దొర మనుషులు ఆయనను నరికి చంపారు. చంపింది బందగీని. చావనిది ఆయన చూపిన సంగతి: దొర మీద దావా వేయవచ్చు, గెలవవచ్చు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకంలో బందగీ ఒక పాత్రగా ఊరూరా తిరిగారు.

1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ, 1944 భువనగిరి సభ నాటికి పల్లెల్లో 'సంగం'గా మారింది. గడీ ముందు ఒంటరిగా వణికిన మనిషి సంగంలో పదిమంది మధ్య నిటారుగా నిలబడ్డాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాక ఆ కదలిక సాయుధ పోరాటమైంది. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు దానికి ఆయువుపట్టు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన, మరుసటి ఏడు జాగీర్దారీ వ్యవస్థ ముగిశాయి. 1952లో ఇదే హుజూర్‌నగర్ ప్రజలు ఉర్దూ కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపారు. పదేళ్ల క్రితం దొర ముఖం చూసి మాట్లాడలేని మనుషులే వీరు. రక్తం మారలేదు, ఊరు మారలేదు. మారింది వారు నిలబడిన వ్యవస్థ.

అయితే గోడలు కూలినంత తేలిగ్గా అలవాట్లు కూలవు. ఈనాటికీ ప్రభుత్వ కార్యాలయంలో తన హక్కు అడగడానికి వచ్చి కూడా చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయే వృద్ధులను చూస్తాం. వారు ఆగేది కార్యాలయం గుమ్మం దగ్గర కాదు, పాత గడీ గుమ్మం దగ్గర.

కాలువ నేర్పిన వంతు

బతుకుతెరువు మారితే మనస్తత్వం మారుతుందన్న రెండో మాటకు సాక్ష్యం నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లోని మెట్ట భూములు క్రమంగా వరి మళ్లయ్యాయి. జొన్న చేను వేసుకున్న రైతు ఆకాశం వైపు చూస్తాడు. వరి నాటిన రైతు పై మడివాడి వైపు చూడాలి. అతను గండి కొడితేనే ఇతనికి నీళ్లు. నాట్లకు పదిమంది కూలీలు ఒకే రోజున కావాలి. కాబట్టి వంతులు, మాట పట్టింపులు, సర్దుబాట్లు, కాలువ గట్టు తగాదాలు అన్నీ కలిసే వస్తాయి.

ఇదే సంగతిని 2014లో థామస్ టాల్‌హెల్మ్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి చైనాలో పరీక్షించారు. వెయ్యిమందికి పైగా విద్యార్థులను పరిశీలించి, వరి పండే ప్రాంతాల వారు సమూహంతో ముడిపడి ఆలోచిస్తారనీ, గోధుమ పండే ప్రాంతాల వారు తమను విడి మనుషులుగా చూసుకుంటారనీ చెప్పారు. విమర్శలూ వచ్చాయి. కానీ వరి పండించే రైతుకు నీటి వంతు దగ్గర పొరుగువాడితో తెగతెంపులు కుదరవని మన ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు.

ఉర్సు నేర్పిన వరుస

చిలుకూరుకు దగ్గరలోనే, పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఏటా జనవరిలో మూడు రోజుల ఉర్సు జరుగుతుంది. గంధం ఊరేగింపుకు, కందూరుకు వచ్చేవారిలో ముస్లిమేతరులు వేలల్లో ఉంటారు. దర్గా ఆచారాలపై మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చకు ఇది చోటు కాదు. ఇక్కడ చూడవలసింది, ఆ కలయిక మనసుల మీద చేసిన పని. ఈ ప్రాంతంలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదానాయక్ అన్న పేర్లు ఎన్నో వినిపిస్తాయి. జాన్‌పహాడ్ సైదులు పేరు మీద హిందూ, లంబాడీ కుటుంబాలు తమ బిడ్డలకు పెట్టుకున్న పేర్లివి.

పేరు చిన్న సంగతి కాదు. పక్కవాడి మతం నుంచి వచ్చిన పేరుతో రోజుకు నూరుసార్లు పిలిపించుకునే పిల్లవాడికి ఆ మతం పరాయిదిగా తోచడం కష్టం. వరుసలూ అంతే. తెలంగాణ పల్లెలో ముస్లిం పెద్దమనిషి పొరుగు పిల్లలకు మామ, తాత. ఆయన ఇల్లాలు అత్త, చిన్నమ్మ. ఇటు మన పిల్లలకూ వారు అలాగే బావ, అక్క, పెద్దమ్మ. రేపు ఎక్కడినుంచో ఒక పుకారు వచ్చి 'వాళ్లంతా ఇంతే' అన్నప్పుడు, వరుస పెట్టి పిలిచిన మనసుకు ముందుగా ఒక ముఖం గుర్తుకొస్తుంది. మామ ముఖం అడ్డం నిలబడితే పుకారు ముందుకు సాగదు. ఆ వరుసలు లేకుండా, విడి కాలనీల్లో, పొరుగువారిని సెల్‌ఫోన్ తెరమీద మాత్రమే చూసి పెరిగే పిల్లలకు అడ్డం నిలబడే ముఖం ఏది? ఇది వారికెంత నష్టమో, మనకూ అంతే నష్టం.

మన ఇంటి మూసలు

ఇక మన గడప లోపలికి వద్దాం. పిల్లలపై కాఠిన్యం గురించి ఇబ్న్ ఖల్దూన్ వివరంగా రాశారు. దెబ్బలతో చదువు చెప్పించుకున్న పిల్లవాడు ఉత్సాహం కోల్పోతాడు, సోమరి అవుతాడు, దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధం, మోసం నేర్చుకుంటాడు, చివరకు అవే అతని స్వభావమైపోతాయి అన్నది ఆయన వాదన. అది ఆరు శతాబ్దాల క్రితం నాటి సంగతి. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బడి అయినా, మదర్సా అయినా, ఇల్లు అయినా సూత్రం ఒక్కటే. బెత్తం చూసి సబఖ్ అప్పజెప్పే పిల్లవాడు నేర్చుకునేది సబఖ్ కన్నా ముందు బెత్తాన్నే. అది చిన్న గడీ.

రెండోది కట్నం. జోడా అనండి, జహేజ్ అనండి. నికాహ్‌లో వరుడు వధువుకు మహర్ చెల్లించాలన్నది ధర్మం. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టమూ ఉంది. అయినా అడగడం, ఇవ్వడం ఆచారమైపోయింది. ఆడపిల్ల పుట్టగానే పెద్దలు నిట్టూర్చేది ఆ ఆచారం వల్లే. ఆ నిట్టూర్పు పిల్ల వింటుంది. పదేళ్ల వయసుకే తాను ఇంటికి అప్పునని అర్థం చేసుకుంటుంది. చదువు ఆపేస్తే ఎదురడగదు, అత్తింట కష్టపడితే నోరు విప్పదు. అప్పుడు మనం 'మా అమ్మాయి ఎంతో ఓపికమంతురాలు' అని మురిసిపోతాం. అది ఓపిక కాదు. గడీ ముందు నిలబడ్డ తండ్రి నడుం వంపు లాంటిదే.

పిల్లవాడు అబద్ధమాడితే, ఆడపిల్ల మాట పెగలక నిలబడితే, 'వీళ్ల బుద్ధే అంత' అని తేల్చేయడం సులభం. బందగీ కాలం నాటి దొరలూ రైతుల గురించి అలాగే అనుకున్నారు. బుద్ధిని నిందించే ముందు దానిని పోత పోసిన మూస ఏదో వెతకాలి. ఆ మూస చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది: పిల్లవాడి ముందు పెట్టిన బెత్తం, పెళ్లి మాటల్లో అడిగే మొత్తం, పొరుగింటి వారిని ఏ వరుసతో పిలవాలో పిల్లలకు నేర్పని మన మౌనం. వీటిని మార్చడానికి చట్టసభ అక్కరలేదు. ఇంటి పెద్ద నిర్ణయం చాలు.