కోడిగుడ్డు - ఆరోగ్య రక్షణ

మానవ నాగరికతా పరిణామంలో నిప్పును కనుగొనడం ఒక గొప్ప మలుపు. ఆ నిప్పుమీద ఆహారాన్ని వండుకోవడం అంతకు తీసిపోని మరొక మలుపు. వంట వల్ల ఆహారం రుచికరమవుతుంది, సులభంగా జీర్ణమవుతుంది, అందులోని హానికర క్రిములు నశిస్తాయి. ఈ మూడు ప్రయోజనాలూ ఒక్కచోట స్పష్టంగా కనిపించే పదార్థం కోడిగుడ్డు. గుడ్డును ఉడకబెట్టడం పసిపిల్లలు కూడా ఎరిగిన పని. కానీ ఆ పది పన్నెండు నిమిషాల వెనుక ఉన్న విజ్ఞానాన్ని ఎరిగినవారు తక్కువ. ఎరగకపోవడం వల్ల కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు.

విశాఖపట్నం నుంచి గాజువాకకు వెళ్లే దారిలో ఉన్న మల్కాపురం పేరెన్నికగన్న పారిశ్రామికవాడ. 1957లో కాల్టెక్స్ సంస్థ ఇక్కడ నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారం ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్నది. ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, ఉక్కు కర్మాగారం సమీపంలోనే ఉన్నాయి. ఇటువంటి పారిశ్రామిక ప్రాంతాలలో శ్రమజీవుల దినచర్య తెల్లవారకముందే ఆరంభమవుతుంది. షిఫ్టు పనికి వెళ్లేవారికి, పట్టణంలో గది అద్దెకు తీసుకొని స్వయంగా వండుకొనే విద్యార్థులకు తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో లభించే పుష్టికరమైన ఆహారం గుడ్డు. కిరాణా కొట్ల ముందు ముప్పయ్యేసి గుడ్లు పట్టే అట్టలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉండటానికి కారణమిదే.

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం. 2023-24లో దేశం మొత్తంమీద సుమారు 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి కాగా, అందులో దాదాపు 18 శాతం ఈ రాష్ట్రానిదే. ఒకప్పుడు గుడ్డు ధరను దళారులే నిర్ణయించేవారు, రైతులు నష్టపోయేవారు. ఆ దుస్థితిని తొలగించడానికి బి.వి. రావు నాయకత్వంలో కోళ్ల రైతులు సంఘటితమై 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని స్థాపించుకున్నారు. ఆ సంఘం ప్రకటించే ధరలలో విశాఖపట్నం ధర కూడా ఒకటి. పాఠశాలల మధ్యాహ్న భోజనంలో గుడ్డు ప్రధానాంశమైంది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు డొక్కా సీతమ్మ పేరిట ప్రారంభమైన మధ్యాహ్న భోజన పథకంలోనూ దానికి చోటు లభించింది.

సుమారు 50 గ్రాముల గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. శరీర నిర్మాణానికి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ వాటిలో ఉన్నాయి. పచ్చసొనలో ఎ, డి విటమిన్లు, ఇనుము, కొవ్వు ఉంటాయి. విటమిన్ సి, పీచు పదార్థం మాత్రం గుడ్డులో లేవు. కాబట్టి కూరగాయలు, పండ్లు తోడైనప్పుడే ఆహారం సమగ్రమవుతుంది. పెంకు రంగును బట్టి పోషక విలువ మారదు. తెల్లగుడ్డుకంటే గోధుమరంగు గుడ్డు బలమైనదన్న నమ్మకానికి ఆధారం లేదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి ఏర్పడుతుంది.

పచ్చిగుడ్డు తాగితే బలం వస్తుందని వ్యాయామం చేసే యువకులు కొందరు భావిస్తారు. 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధన ఇందుకు విరుద్ధమైన ఫలితాన్నిచ్చింది. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులలో సుమారు 90 శాతం జీర్ణం కాగా, పచ్చిగుడ్డులో సగం మాత్రమే జీర్ణమయ్యాయి. పైగా పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను శరీరానికి అందకుండా అడ్డుకుంటుంది. ఉడికిస్తే ఆ దోషం చాలావరకు తొలగిపోతుంది.

గుడ్డు పెంకు ప్రధానంగా కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడుతుంది. చూడటానికి నున్నగా ఉన్నా, దానిమీద కంటికి కనిపించని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. ఆ రంధ్రాలను కప్పుతూ పైన సహజమైన సన్నని పూత ఉంటుంది. సూక్ష్మజీవులు లోపలికి చొరబడకుండా కాపాడే కవచం అదే. కొని తెచ్చిన గుడ్లను కడిగి దాచుకోవడం శుభ్రతగా కనిపించవచ్చు; నిజానికి ఆ పని చేస్తే కవచం పోతుంది. చల్లని నీటిలో ముంచినప్పుడు లోపలి పదార్థం సంకోచించి, పైనున్న మలినాలను లోనికి పీల్చుకొనే ప్రమాదమూ ఉన్నది. అందువల్ల గుడ్డును వండేముందు మాత్రమే కడగాలి.

గుడ్డు విషయంలో ప్రధాన శత్రువు సాల్మొనెల్లా అనే బాక్టీరియా. 1885లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ దీనిని గుర్తించగా, ఆయన పై అధికారి అయిన పశువైద్యుడు డేనియల్ సాల్మన్ పేరు దీనికి స్థిరపడింది. ఇది కోడి రెట్ట ద్వారా పెంకుకు అంటుకోవచ్చు. ఇందులో ఒక రకం కోడి అండాశయంలోనే ఉండి, పెంకు ఏర్పడకముందే గుడ్డులో ప్రవేశించగలదు. అటువంటి గుడ్డు పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. వాసన రాదు, రంగు మారదు. దానిని సరిగా ఉడికించకుండా తిన్నవారికి కొన్ని గంటల నుంచి కొన్ని రోజులలోపు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. ఆరోగ్యవంతులు సాధారణంగా కోలుకుంటారు. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు, వ్యాధిగ్రస్తుల విషయంలో అది ప్రాణాంతకం కావచ్చు.

గుడ్లు కొనేటప్పుడే జాగ్రత్త మొదలుకావాలి. ఎండ తగిలేచోట ఉంచినవాటిని, పెంకుకు రెట్ట అంటుకున్నవాటిని కొనరాదు. పగుళ్లు వారిన గుడ్లు చౌకగా దొరికినా విడిచిపెట్టడమే మేలు. పగులు సూక్ష్మజీవులకు తెరిచిన ద్వారం. ఇంటికి తెచ్చినవాటిని సన్నని కొన కిందికి ఉండేలా ఫ్రిజ్‌లో ఉంచాలి. మాటిమాటికి బయటికి తీసి తిరిగి లోపల పెడితే పెంకుమీద చెమ్మ చేరి క్రిములకు అనుకూలమవుతుంది. గుడ్డు పాతబడేకొద్దీ అందులోని నీరు ఆవిరై, వెడల్పైన కొనవద్ద గాలి అర పెరుగుతుంది. అందుకే తాజా గుడ్డు నీటిలో అడుగున పడుకుంటుంది. పాత గుడ్డు నిలువుగా నిలుస్తుంది. బాగా పాతది తేలుతుంది. అయితే ఈ పరీక్ష గుడ్డు వయస్సును తెలుపుతుందే కాని, సాల్మొనెల్లా లేదని హామీ ఇవ్వదు. ఆ హామీ ఇవ్వగలిగినది వేడి ఒక్కటే.

వేడి తగిలినప్పుడు గుడ్డులోని మాంసకృత్తులు తమ సహజ రూపాన్ని కోల్పోయి ఒకదానితో ఒకటి అల్లుకొని గట్టిపడతాయి. తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో చిక్కబడనారంభించి, 80 డిగ్రీల వద్ద పూర్తిగా గట్టిపడుతుంది. పచ్చసొన 70 డిగ్రీల ప్రాంతంలో గట్టిపడుతుంది. గుడ్డు మధ్యభాగం 71 డిగ్రీలకు చేరితే సాల్మొనెల్లా నశిస్తుంది. అంటే పచ్చసొన గట్టిపడటం గుడ్డు సురక్షితమైనదని కంటికి తెలియజేసే గుర్తు. పచ్చసొన జారుగా ఉండే హాఫ్ బాయిల్‌కు ఆ భద్రత లేదు.

ఉడకబెట్టే పద్ధతి సులభమైనదే. గుడ్లను గిన్నెలో ఒకే వరుసగా పేర్చి, వాటిపైన అంగుళం ఎత్తు వరకు నీరు పోయాలి. నీరు మరగనారంభించగానే మంట తగ్గించి పది నుంచి పన్నెండు నిమిషాలు ఉంచాలి. కొద్దిగా ఉప్పు వేస్తే, పెంకు చిట్లినా బయటికి వచ్చే తెల్లసొన త్వరగా గడ్డకడుతుంది. సముద్రతీరాన ఉన్న మల్కాపురంలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. అదే, సుమారు 900 మీటర్ల ఎత్తునున్న అరకులోయలో 97 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ మరొక నిమిషమో రెండు నిమిషాలో అదనంగా ఉడికించవలసి ఉంటుంది. పెంకుతో ఉన్న గుడ్డును మైక్రోవేవ్ పొయ్యిలో మాత్రం ఎన్నడూ పెట్టరాదు. లోపలి ఆవిరి వెలువడే దారిలేక అది పేలుతుంది.

ఉడికిన వెంటనే గుడ్లను చల్లని మంచినీటిలో వేయాలి. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆకుపచ్చని వలయం ఏర్పడుతుంది. అది హానికరం కాదు; వేడి మితిమీరిందనడానికి సూచన మాత్రమే. తాజా గుడ్డుకంటే వారం రోజులు నిలవ ఉన్న గుడ్డు పెంకు సులభంగా ఊడుతుంది. రోజులు గడిచేకొద్దీ బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోయి తెల్లసొనలో క్షారగుణం పెరగడం, అందువల్ల పొరతో దానికున్న బంధం సడలడం ఇందుకు కారణం.

ఉడికిన గుడ్డు పచ్చిగుడ్డుకంటే ఎక్కువకాలం నిలుస్తుందని చాలామంది అనుకుంటారు. వాస్తవం ఇందుకు భిన్నం. ఉడకబెట్టడంతో పెంకుమీది సహజ కవచం పోతుంది. కాబట్టి ఉడికిన గుడ్డును రెండు గంటలలోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచి వారంలోపు వాడాలి. ఎండ 32 డిగ్రీలు దాటితే రెండు గంటల గడువు ఒక గంటకు తగ్గుతుంది. విశాఖ తీరంలోని వేసవికి ఈ నియమం ప్రత్యేకంగా వర్తిస్తుంది. తెల్లవారుజామున క్యారేజీలో సర్దిన గుడ్డును మధ్యాహ్నం భోజనవేళ తినడం క్షేమకరం కాదు. దానిని ఇంటివద్దనే ఉదయం ఫలహారంతో తినివెళ్లడం ఉత్తమం.

గుడ్డు చుట్టూ వదంతులూ అల్లుకున్నాయి. 2017లో ప్లాస్టిక్ గుడ్లు వస్తున్నాయన్న ప్రచారం దేశమంతటా వ్యాపించింది. అటువంటి గుడ్డును తయారుచేసే సాంకేతిక విజ్ఞానమే లేదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ స్పష్టం చేసింది. లేని ప్లాస్టిక్ గుడ్డుకు భయపడినవారే ఉన్న ముప్పును విస్మరించడం విచిత్రం. పచ్చిగుడ్డు సొనతో చేసే మయోనైజ్ ఆ ముప్పుకు ఉదాహరణ. ఆహారం కలుషితమై ప్రజలు అస్వస్థులైన సంఘటనల నేపథ్యంలో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చిగుడ్లతో చేసిన మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది.

ఇన్ని జాగ్రత్తలు చెప్పడం కోడిగుడ్డుమీద ఈకలు పీకడంలా తోచవచ్చు. కానీ రోజుకూలిపై బతికే ఇంట్లో ఒకరు విరేచనాలతో మంచం పడితే పోయేది ఆరోగ్యం ఒక్కటే కాదు. ఆ వారం రోజుల కూలి, మందుల ఖర్చు, పిల్లల చదువు కూడా దానితో ముడిపడి ఉంటాయి. ఆ నష్టాన్ని నివారించడానికి ధనం అక్కరలేదు. పగలని గుడ్డును ఎన్నుకోవడం, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించడం, పచ్చిగుడ్డును ముట్టిన చేతులను సబ్బుతో కడుక్కోవడం, ఉడికినదాన్ని సకాలంలో తినడం చాలు. తరగతి గదిలో నేర్చిన విజ్ఞానం వంటింట్లో ఆచరణకు వచ్చినప్పుడే చదువుకు సార్థకత సిద్ధిస్తుంది.