ఉప్పెనయు, యుగాంతమును

గిలకలదిండి రేవున పడవ కట్టు మత్స్యకారునకు సముద్రమే అన్నదాత, మృత్యువును అదియే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు పట్టణమును, చుట్టుపట్ల గ్రామములును మునిగి సుమారు 30 వేలమంది ప్రాణములు గోల్పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినపుడు మృతులు ప్రభుత్వపు లెక్కనుబట్టియే పదివేలకు చేరువైరి. అట్టి రాత్రిని చూచినవారు లోకమునకు తుది సమీపించినదని తలచుట వింతగాదు. ఈ తలపు ఏ యొక్క మతమువారి సొత్తును గాదు. కృష్ణమ్మ పొంగి కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకునని వీరబ్రహ్మముగారి పేర చెప్పుకొనుట మన జిల్లాలో ఎరుగనివారు అరుదు.

అయితే 1990 మే నెలలో మరియొక ప్రచండమైన తుపాను ఈ తీరమునే తాకినది. ఈ పర్యాయము లక్షలకొలది జనులను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోబడి నిలిచినది. సముద్రము మారలేదు, మారినది మనుష్యుని పూనిక. రానున్నది వ్రాసిపెట్టియున్నదని చేతులు ముడుచుకొని కూర్చుండుట యొకటి; రానున్నదని యెరిగి ఏర్పాటు చేసికొనుట మరియొకటి. మేము నేడు విన్నవింపదలచిన విషయమునకు ఈ భేదమే కీలకము.

ఉప్పెన విషయమున మనము నేర్చిన ఈ పాఠమును యుద్ధము విషయమున నేర్వనొల్లని వర్గమొకటి అమెరికా రాజకీయములలో మిక్కిలి బలము గలదైయున్నది. యూదులు పాలస్తీనాకు మరలవలెను. యెరూషలేములో ఆలయము తిరిగి లేవవలెను. క్రీస్తువిరోధి ప్రబలి ఏడేండ్ల మహాశ్రమలు కలుగవలెను. హార్మెగిద్దోను యుద్ధము జరుగవలెను. అటుపిమ్మట క్రీస్తు వేయేండ్లు రాజ్యమేలును. ఇది వారి యుగాంతక్రమము. ఇట్లు నమ్ముట వారి యిష్టము. కాని ఓటును, ధనమును, రాయబారమును ఈ క్రమమునకు అనుగుణముగ నడుపబూనినపుడు అది లోకముయొక్క విషయమగుచున్నది.

ఈ సిద్ధాంతపు పుట్టింటివారు మన బందరు వీథులలో నడచినవారే. 1836లో ఆంథొని నారిస్ గ్రోవ్సు వెంట ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెను, జార్జి బీరు కుటుంబములు మొదట బందరులో నిలిచి తెలుగు నేర్చి, పిదప నరసాపురమునకు బోయి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. బౌడెను రాతిపనివాడు, బీరు చెప్పులు కుట్టువాడు. వీరందరును బ్రదరన్ అను సమాజమువారు. పైన చెప్పిన యుగాంతక్రమమును శాస్త్రమువలె పేర్చి లోకమున వ్యాపింపజేసిన జాన్ నెల్సన్ డార్బీయు ఆ సమాజపు పెద్దలలో నొకడే.

గ్రోవ్సునకును క్రీస్తు త్వరలో వచ్చునను నమ్మకము గాఢముగ నుండెను. అయినను ఆయన చిత్తూరులో భూమి కొని సేద్యము చేయించెను. పట్టుపురుగులను పెంచి అప్పులపాలును అయ్యెను. తక్కిన క్రైస్తవులనుండి వేరుపడి పోవుచున్నావని 1836లోనే డార్బీని హెచ్చరించుచు లేఖ వ్రాసెను. ప్రభువు రేపు వచ్చునని నమ్మియు నేడు నాగలి పట్టినవాని భక్తిని మేము గౌరవింతుము. మా తగవు నిరీక్షణముతో గాదు. నిరీక్షణమును రాజ్యనీతిగ మార్చుటతోనే.

ఆ మార్పు ఎట్లు కలిగెనో చూతము. 1840లో ఆష్లీ ప్రభువు యూదుల పునరాగమనమునుగూర్చి పామర్‌స్టన్ మంత్రితో మాటలాడెను. తన హృదయములో నున్నది దైవసంకల్పమే యైనను, మంత్రితో మాత్రము రాజకీయ, వాణిజ్య లాభములనే వాదింపవలసి వచ్చినదని ఆయన తన దినచర్యలో వ్రాసికొనెను. 1891లో షికాగో బోధకుడు విలియం బ్లాక్‌స్టన్ 413 మంది ప్రముఖుల సంతకములతో అమెరికా అధ్యక్షుడగు హారిసనునకు మహజరు సమర్పించెను. 1909లో వెలువడిన స్కోఫీల్డు బైబిలు డార్బీ క్రమమును అధోజ్ఞాపికలుగ అచ్చువేసి ఇంటింటికి చేర్చెను. మూలమేదో టీకయేదో తెలియని పాఠకునకు రెండును దైవవాక్యములై తోచెను.

1917 నాటి బాల్ఫరు ప్రకటనకు సామ్రాజ్యప్రయోజనములును, 1948లో ట్రూమను ఇశ్రాయేలును వెంటనే గుర్తించుటకు ఎన్నికల లెక్కలును, యూరపు యూదుల ఘోరమారణమువలన గలిగిన జాలియు కారణములై యుండెను. అంతయు జోస్యమే చేయించెననుట అతిశయోక్తి. కాని ఆ నిర్ణయములు మొలకెత్తిన నేలను దున్నిపెట్టినది జోస్యము. అటుపిమ్మట బలము బాహాటమయ్యెను. 2006లో జాన్ హేగీ అను బోధకుడు ఇశ్రాయేలు పక్షమున క్రైస్తవుల మహాసంఘమును లేవదీసెను. 2018 మే 14న అమెరికా రాయబార కార్యాలయమును యెరూషలేమునకు మార్చిన ఉత్సవమున ముగింపు ప్రార్థన చేసినది ఆయనయే. ఆనాడే గాజా సరిహద్దున సుమారు అరువదిమంది పాలస్తీనీయులు తుపాకిగుండ్లకు బలియైరి.

ఇందలి ప్రమాదమేమి? యుద్ధము జరిగితీరవలెనని గ్రంథమున వ్రాయబడియున్నచో సంధి చేయువాడు శాంతిదూత గాడు, దైవసంకల్పమునకు అడ్డుపడువాడగును. భూమిని పంచుకొని బ్రదుకుదమనుట అవిధేయత యగును. ఈ స్నేహము యూదులకు మాత్రము మేలా? ఈ జోస్యము చెప్పువారిలో పెక్కండ్ర లెక్కలో చివరి శ్రమలయందు యూదులలో మూడింట రెండువంతులు నశింతురు. మిగిలినవారు క్రీస్తును అంగీకరింతురు. తన మిత్రుని వినాశమును ముందే లెక్కవేసికొన్న మైత్రి ఎట్టి మైత్రియో పాఠకులే యోచింతురుగాక.

ఇక మన యింటి మాట. ఆంధ్ర క్రైస్తవులందరికిని ఈ రాజకీయమును అంటగట్టుట అన్యాయము. యెరూషలేము యాత్రకు 2019లో రాష్ట్రప్రభుత్వము సాయమును అల్పాదాయముగలవారికి 60 వేలకును, తక్కినవారికి 30 వేలకును పెంచినది. ప్రభుత్వధనము యాత్రలకు వినియోగించుట యుక్తమా యనునది అన్నిమతములకు వర్తించు వేరుప్రశ్న. యాత్రికుని భక్తి మాత్రము భక్తియే. మరియొక ఉదాహరణము మనకింకను సమీపమైనది. చేబ్రోలుదగ్గర కొత్తరెడ్డిపాలెములోను, మన మచిలీపట్నములోను బెనె ఎఫ్రాయిము అను చిన్న సమాజము కలదు. పూర్వము బాప్టిస్టు క్రైస్తవులైన ఈ నిరుపేద హరిజన కుటుంబములు, తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రములలో తాము ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొని, 1980వ దశకమునుండి యూదాచారములను పాటించుచున్నవి. మణిపురము, మిజోరాములలోని బ్నే మెనాషేలకు 2005లో యూదగురువుల గుర్తింపు లభించెను. వారి ప్రయాణవ్యయములను భరించుటకు విదేశక్రైస్తవసంఘములు ముందుకు వచ్చినవి. కొత్తరెడ్డిపాలెమువారికి అట్టి గుర్తింపు లభింపలేదు. ఊరిలో దొరకని గౌరవమును ఉత్తమవంశములో వెదకికొన్న పేదవానిని మేము పరిహసింపము. అతడు పరుల జోస్యములో ఒక అంకెగ మిగులుట మాత్రము మాకు దుఃఖకరము. ఆ గౌరవమును ఊరిలోనే యిచ్చుట మన బాధ్యత.

మన దేశము 1947లో పాలస్తీనా విభజనను వ్యతిరేకించినది. 1950లో ఇశ్రాయేలును గుర్తించినది. 1992లో పూర్తి రాయబారసంబంధములు నెలకొల్పినది. 2017 డిసెంబరులో యెరూషలేమునుగూర్చిన అమెరికా నిర్ణయమును ఐక్యరాజ్యసమితిలో 128 దేశములతో కూడి నిరాకరించినది. వీనిలో ఒప్పుతప్పులుండవచ్చును. కాని ఇవి న్యాయమును, చమురును, పరదేశములలో కష్టించు మన బిడ్డల క్షేమమును తూచి చేసిన నిర్ణయములు. తూచినదానిని మరల తూచవచ్చును. వ్రాసిపెట్టియున్నదనినచో తూచుటకు తావేలేదు. అందువలన అన్యుల ప్రకటనగ్రంథమే గాదు, మన కాలజ్ఞానమును, మన కల్క్యవతారకథయు మంత్రాలోచనమందిరపు గడప దాటి లోపలికి రారాదు.

గిలకలదిండి మత్స్యకారుడు దైవమునకు దండము పెట్టియే పడవనెక్కును. అయినను తుపాను హెచ్చరిక వినినపుడు, దైవము వ్రాసినది తప్పదని సముద్రముపైకి బోడు. పడవను గట్టుకు లాగి, పిల్లలను మెరకకు చేర్చును. రాజ్యములేలువారికి ఈ పాటి భక్తియు, ఈ పాటి వివేకమును చాలును.