పన్నెండు ఫ్రేములు, మూడు ఊర్లు

పుంగనూరులో మా మామకు ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడు అదే గదిలో జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు అటక మీద నుంచి ఒక తోలు పెట్టె దించి నా చేతిలో పెట్టాడు.

"పెండ్లిండ్లకు తిప్పి తిప్పి అరిగిపోయిందిరా ఇది. పని చేస్తాదేమో చూడు. చేయకపోతే షోకేసులో పెట్టుకో."

తెరిస్తే యాషికా మ్యాట్ 124జి. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు, పక్కన తిప్పే క్రాంక్. వెనక మూత చుట్టూ ఉండే స్పాంజి పట్టీ జిగురైపోయి వేళ్లకు అంటుకుంది. అదొక్కటీ గీకేసి కొత్తది అంటించాను. షటర్ మాత్రం ఈ రోజుకీ టిక్కుమని కొడుతుంది. బ్యాటరీ కావలసింది లైట్ మీటరుకే, మిగతాదంతా స్ప్రింగులు, గేర్లు. మెకానికల్ వాళ్లు ఒకసారి వచ్చి చూడండి, మీకు నచ్చుతుంది.

హాస్టల్లో దీన్ని చూసిన ప్రతివాడూ అడిగేది ఒకటే: ఫోన్ ఉండగా ఇదెందుకురా? ఆ ప్రశ్నకు జవాబు చెప్దామనే ఇది రాస్తున్నా.

మీడియం ఫార్మాట్ అంటే 120 అనే రోల్ ఫిల్మ్ వాడే కెమెరా. ఈ ఫిల్మ్‌ని కొడాక్ 1901లో తెచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. మన అమ్మానాన్నల ఆల్బమ్‌లలో చతురస్రంగా ఉండే బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు చాలావరకు దీని మీద తీసినవే. ఆ కాలంలో ఇండియాలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీలో కూడా ఇదే రోల్. ఊటీలో ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్మ్ తయారుచేసేది. మామ ఇప్పటికీ ఫిల్మ్ అనడు, "ఇందు రోలు" అంటాడు.

మామూలు 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక ఫ్రేమ్ 24 × 36 మిల్లీమీటర్లు. నా కెమెరాలో 56 × 56. వైశాల్యం లెక్కేస్తే మూడున్నర రెట్లకు పైనే. ఎనిమిది అంగుళాల చదరపు ప్రింట్ కావాలంటే చిన్న ఫిల్మ్‌ని ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి, దీన్ని 3.6 రెట్లు పెంచితే చాలు. పెంచేది తక్కువైతే ఫిల్మ్‌లోని గరుకు కూడా తక్కువే కనపడుతుంది. ముఖాల్లో ఆ తేడా అంతగా తెలియదు. ఆకాశంలో తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ దాక్కోవడానికి ఏమీ ఉండదు. నడినెత్తిన ముదురు నీలం నుంచి కొండ అంచు దగ్గర లేత తెలుపు దాకా రంగు ఎక్కడా గీత లేకుండా మారాలి. పెద్ద ఫిల్మ్ ఆ పని బాగా చేస్తుంది. 1969లో చంద్రుడి మీదకు వెళ్లినవాళ్లు కూడా హాసెల్‌బ్లాడ్‌లో 70 ఎంఎం ఫిల్మ్ వేసుకునే వెళ్లారు. చిన్న కెమెరా దొరక్క కాదు కదా.

రోల్‌కి పన్నెండే ఫోటోలు. ఫిల్మ్, కడిగించడం, స్కానింగ్ అన్నీ కలిపి నాకు ఒక్కోటి వంద రూపాయల దాకా పడింది. అంటే నొక్కే ప్రతిసారీ క్యాంటీన్‌లో ఒక పూట భోజనం గుర్తొస్తుంది.

మొదటి రోల్ ఫిబ్రవరిలో, హార్స్‌లీ హిల్స్‌లో. మదనపల్లె నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే, ఎత్తు 1,265 మీటర్లు. పొద్దున్నే గాలిబండ మీద నిలబడితే కింద లోయంతా మంచు, దాంట్లో నుంచి చిన్న చిన్న కొండలు దీవుల్లా తేలుతుంటాయి. ఈ కెమెరాలో పై నుంచి కిందకు తల వంచి చూడాలి, పైగా బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనపడుతుంది. కొండను కుడికి జరుపుదామని కెమెరా తిప్పితే అది ఎడమకు పోతుంది. మొదటి గంట పిచ్చెక్కింది. తర్వాత అదే మంచిదనిపించింది. తారుమారైన లోయ తెలిసిన లోయలా ఉండదు, అందుకని గీతలు, బరువులు, ఖాళీలు వేరుగా కనపడతాయి.

దగ్గరున్న బండా, దూరంగా ఉన్న కొండా రెండూ స్పష్టంగా రావాలంటే ఒక లెక్క ఉంది. 80 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 16కి బిగించి ఎనిమిది మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, నాలుగు మీటర్ల నుంచి అనంతం దాకా సరిపోతుంది. ఎపర్చర్ అంత మూసేస్తే షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి కాబట్టి ట్రైపాడ్ తప్పదు. తెల్లవారుజామున ఇంకో చిక్కు. వెలుతురు సగమైతే సమయం రెట్టింపు చేస్తే చాలని మనం అనుకుంటాం. సెకను దాటాక ఫిల్మ్ ఆ మాట వినదు, మొద్దుబారుతుంది. నేను వాడే ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పీ4కి కంపెనీయే సూత్రం ఇచ్చింది: మీటర్ చెప్పిన సెకన్లను 1.26 ఘాతానికి ఎత్తాలి. పది సెకన్లు పద్దెనిమిది అవుతాయి, ఒక నిమిషం దాదాపు మూడు నిమిషాలవుతుంది. ఎం-1లో నేర్చుకున్న ఘాతాలు నాకు మొదటిసారి పనికొచ్చింది ఆ కొండ మీదే.

ఆ రాత్రి మేము దిగిన గెస్ట్‌హౌస్ వెనక బండ మీద నక్షత్రాల కోసం కెమెరా పెట్టాను. ధ్రువనక్షత్రం ఎంత ఎత్తులో కనపడుతుందంటే, సుమారుగా మన ఊరి అక్షాంశమంత. మదనపల్లె దగ్గర పదమూడున్నర డిగ్రీలు. చేయి చాపి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు అనుకోండి, పిడికిలి మీద ఇంకో రెండు వేళ్లు. యూరప్ ఫోటోల్లోలా ఆకాశంలో అంత ఎత్తున ఉండదు, మనకు కొండ భుజం మీదే ఉంటుంది. నా లెన్స్‌కి ముప్పై ఎనిమిది డిగ్రీల చూపు ఉంది కాబట్టి కొండా, నక్షత్రమూ ఒకే చతురస్రంలో పట్టాయి. మదనపల్లె దీపాలు వీపు వెనక ఉండటం కలిసొచ్చింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. నక్షత్రం ఫిల్మ్ మీద ఒకచోట ఆగదు, కదులుతూ పోతుంది. కాబట్టి ఎక్కువసేపు తెరిచినంత మాత్రాన అది ఎక్కువ వెలగదు, గీత పొడవవుతుంది అంతే. ఎన్ని నక్షత్రాలు పడతాయో ఎపర్చర్ చెప్తుంది, ఎంత పొడవు పడతాయో గడియారం చెప్తుంది. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. నేను ఎఫ్ 4లో నలభై నిమిషాలు తెరిచాను, పది డిగ్రీల వంపులు వచ్చాయి. ఇంకా ఉంచేవాణ్ణి గానీ లెన్స్ మీద మంచు పట్టింది. ఈసారి వెళ్తే లెన్స్ చుట్టూ గుడ్డ చుట్టాలి.

ఆకాశాన్ని ఇలా ఓపిగ్గా పట్టుకున్న పెద్దలు మనకున్నారు. హైదరాబాద్‌లో 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశాన్నంతా ఫోటోలు తీసి కేటలాగ్ చేసే అంతర్జాతీయ పనిలో తన వాటా తీసుకుని, గాజు పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. అక్కడ పనిచేసిన ఒకాయన కొడుకే వేణు బప్పు. కుప్పం దాటి తమిళనాడులోకి వెళ్తే జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది కదా, ఆయన పేరు దానికే పెట్టారు.

పుంగనూరు గురించి ఒక్క మాటే. పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగుల లోపే. నడుము దగ్గర పట్టుకుని చూసే ఈ కెమెరా సరిగ్గా దాని కళ్ల ఎత్తులో ఉంటుంది. వంగనక్కర్లేదు.

ఇక కుప్పం. అమ్మవాళ్ల ఊరు అటువైపే. ఆ ఊరి కొండ మీద ఒక గుండు ఉండేది, పడబోతూ ఆగినట్టు. ఎండాకాలం సెలవుల్లో దాని నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి అవ్వ అన్నానికి పిలిచేది. కుప్పం గ్రీన్ అని గ్రానైట్‌కి పేరుందని మీరు వినే ఉంటారు. జూన్‌లో వెళ్లేసరికి ఆ కొండకి ఒకవైపు మెట్లు మెట్లుగా కోత మొదలైంది. ఈ గుండును ఒక మంచి ఫోటో తీసి అవ్వకు ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలనుకున్నా.

ఆరోజు ఆకాశం నిండా తెల్ల మబ్బులు. మామ పెట్టెలో ఎర్ర ఫిల్టర్ ఉంది. అది నీలం వెలుతురును ఆపి ఎరుపును వదులుతుంది, దాంతో బ్లాక్ అండ్ వైట్‌లో ఆకాశం నల్లబడి మబ్బులు పైకి లేస్తాయి. ఆపినంత వెలుతురు మనం తిరిగి ఇవ్వాలి, అంటే ఎనిమిది రెట్లు, మూడు స్టాపులు. ఎండలో మామూలుగా 1/125 సెకను, ఎఫ్ 16. ఫిల్టర్ పెట్టాక 1/15 అవ్వాలి. నేను 1/125లోనే మూడు ఫ్రేములు కొట్టేశాను. ఈ కెమెరాలో మనం చూసేది పై లెన్స్‌లో నుంచి, ఫిల్టర్ ఉండేది కింది లెన్స్‌కి. చూపులో ఎరుపే కనపడదు. గుర్తు చేసేవాళ్లెవరూ లేరు.

నెగెటివ్ కడిగి వచ్చాక చూస్తే ఆ మూడూ దాదాపు గాజులా ఉన్నాయి. దీపావళికి మళ్లీ తీద్దాంలే అనుకున్నా. దీపావళికి వెళ్లేసరికి గుండు లేదు. డ్రిల్లు పెట్టి చీల్చిన ముక్కలు, వాటి మీద తెల్ల పెయింట్‌తో నంబర్లు. ఫోన్లో ఫోటోలు లేవా అంటే ఉన్నాయి, అన్నిట్లోనూ మా కజిన్లు ముందు నిలబడి రెండు వేళ్లు చూపిస్తుంటారు.

నెగెటివ్‌లు తీసుకుని పుంగనూరు వెళ్లాను. మామ కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. మూడు స్టాపులు మర్చిపోయానని చెప్తే తిడతాడనుకున్నా.

"ఎండ పడిన పక్క ఉందిరా. మబ్బూ ఉంది. నీడలో యేమీ లేదు. లేనిది మనం తేలేము."

"ప్రింట్ వస్తుందా మామా?"

"కాంట్రాస్ట్ ఎక్కువుండే పేపర్ దొరికితే కొంచెం వస్తాది. ఎన్లార్జర్ మేడ మీద ఉంది, బల్బు చూడాల."

వచ్చిన ప్రింట్‌లో ఆకాశం నలుపు, గుండు వెనక సగం ఆ నలుపులోనే కలిసిపోయింది. ఎండ తగిలిన అంచు ఒక్కటే బూడిద రంగులో తేలి ఉంది. అవ్వ దాన్ని కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇది రాత్రిపూట తీసినావా?" అంది. అవునన్నాను.

ఇప్పుడు ఎర్ర ఫిల్టర్ డబ్బా మూత మీద మార్కర్‌తో 'మూడు' అని రాసిపెట్టుకున్నా.