ఖాళీ బండి ముక్కు వంచితే

లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర ఆగిన పికప్ బండ్లను ఒకసారి పక్క నుంచి చూడండి. సరుకు దించేసి ఖాళీగా తిరిగొస్తున్న బొలెరో వెనక భాగం ఎత్తుగా లేచి, ముక్కు నేలకేసి వంగి ఉంటుంది. నిండా ప్లైవుడ్ వేసుకున్న బండి తిన్నగా కూర్చుని ఉంటుంది. అదే వరసలో సరదాకి కొనుక్కున్న ఇసుజు వి-క్రాసో, టయోటా హైలక్సో ఉందంటే, ఈ వంపు దాని యజమానికి కంట్లో నలుసే. అన్ని లక్షలు పోసి కొన్న బండి తల దించుకుని నిలబడటమేమిటని షాపుకెళ్తాడు. అక్కడ జవాబులు డబ్బాల్లో సిద్ధంగా ఉంటాయి. స్పేసర్లు, కొత్త షాకప్‌లు, ఎయిర్ బ్యాగులు, అదనపు పట్టీలు, ఏది కావాలంటే అది.

ఆ వంపు కంపెనీవాళ్లు చూసుకోక వదిలేసింది కాదు, కావాలని పెట్టింది. ఎడ్లబండి తోలేవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఖాళీ బండి ఎలా నిలబడిందో వాళ్లు చూడరు, బస్తాలు వేశాక కాడి ఎడ్ల మెడ మీద ఎలా కూర్చుందో చూస్తారు. పికప్ లెక్కా అదే. వెనక ట్రేలో బరువు పడ్డాక సమంగా నిలవాలంటే, ఖాళీగా ఉన్నప్పుడు వెనక కొంచెం ఎత్తుండి తీరాలి.

ఈ లెక్క మోస్తున్నది కమాన్ కట్ట, అంటే వంచిన ఉక్కు పట్టీల స్ప్రింగు. మోటారు పుట్టడానికి చాలా ముందే పుట్టిన వస్తువిది. యూరప్‌లో ఒకప్పుడు గుర్రపు బళ్ల పెట్టెను తోలు పటకాలతో వేలాడగట్టేవారు. కుదుపు తగ్గేది గానీ, ఊపుకి లోపలివాళ్ల కడుపులో తిప్పేది. స్ప్రింగును ఎంత బలంతో లాగితే అంత సాగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేశాడు. చుట్టల స్ప్రింగుకు 1763లోనే ఇంగ్లండులో రిచర్డ్ ట్రెడ్‌వెల్ పేటెంటు తీసుకున్నాడు. అయినా రోడ్డు మీద ముందు నెగ్గింది పట్టీలే. 1804లో లండన్‌లో బళ్లు తయారుచేసే ఒబడయా ఎలియట్, రెండు కమాన్లను ఎదురెదురుగా కలిపి అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. దాంతో ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ కలిపే బరువైన దూలం అక్కర్లేకుండా పోయింది, బండి తేలికపడింది. మన ఊళ్లలో జట్కాల కింద కనిపించిన కమాన్లది ఆ వంశమే.

మోటారు కారు వచ్చాక కూడా అవి కదల్లేదు. 1908 నాటి ఫోర్డ్ మోడల్-టీకి ముందొక కట్ట, వెనకొక కట్ట అడ్డంగా ఉండేవి. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైనప్పుడు, ఆనాటి ఆల్బియన్ బస్సులను మోసిందీ పట్టీలే. తర్వాత కార్లు ఒక్కొక్కటిగా చుట్టల స్ప్రింగులకు మారాయి, సరుకు బండ్లు మాత్రం మారలేదు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, 1980లలో నిస్సాన్ సాంకేతికతతో జహీరాబాద్‌లో చిన్న లారీలూ తయారుచేసింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. 2016లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం తెరిచారు. అక్కడ తయారయ్యే వి-క్రాస్‌కు ముందు చుట్టలొచ్చాయి గానీ, వెనక మాత్రం పట్టీల కట్టే.

ఎందుకలా అంటే, ట్రే కిందికి వంగి చూడాలి. అన్నిటికన్నా పైనున్న మెయిన్ పట్టీ రెండు కొసలూ చెవుల్లా చుట్టి ఉంటాయి, వాటిలో బుష్షులు. దాని కింద ఒకదానికన్నా ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు. నడుమ ఒక సెంటర్ బోల్టు, యాక్సిల్‌ను అదిమిపట్టే యు-బోల్టులు. బరువు పడితే వంపు తగ్గి పట్టీ పొడవు పెరుగుతుంది కాబట్టి, వెనక చెవికి ఊగే షాకిల్ ఉంటుంది. అట్టడుగున దాదాపు తిన్నగా ఒక మందపాటి పట్టీ కనిపిస్తుంది. ఖాళీ బండిలో దానికి పనే ఉండదు. బరువు బాగా పడ్డాక పై పట్టీలు వచ్చి దానికి ఆనుతాయి, అప్పుడది భుజం కలుపుతుంది. బరువు మోయడం, యాక్సిల్‌ను చోటు కదలకుండా పట్టుకోవడం, పట్టీల మధ్య రాపిడితో ఊపును కొంత చంపడం, మూడు పనులూ ఈ ఒక్క కట్టే చేస్తుంది. ఇంత చవగ్గా ఇన్ని పనులు చేసే భాగం బండిలో ఇంకొకటి ఉందనుకోను. ఇక ఈ ఉక్కు సంగతి మన కమ్మరులకు బాగా తెలుసు. విరిగిన కమాన్ పట్టీ కొలిమిలో పడితే కత్తీ కొడవలీ అవుతుంది.

ఖాళీ పికప్ ఎగిరెగిరి తన్నడానికి కారణం కూడా ఈ కట్టలోనే దొరుకుతుంది. బరువు కోసం గట్టిగా చేసిన స్ప్రింగు ఖాళీ బండికి కొద్దిగానే దిగుతుంది. బండి బరువుకి స్ప్రింగు 6 సెంటీమీటర్లు మాత్రమే దిగితే, అది సెకనుకి సుమారు రెండుసార్లు ఊగుతుంది. 15 సెంటీమీటర్లు దిగితే ఆ ఊపు 1.3కి తగ్గుతుంది. ఒంటికి హాయిగా తోచేది ఈ రెండోదే. పట్టీ మందం ప్రభావం ఇంకా ఎక్కువ. గట్టిదనం మందపు ఘనాన్ని (క్యూబ్‌ను) బట్టి పెరుగుతుంది. పది మిల్లీమీటర్ల పట్టీ తీసి పన్నెండుది వేస్తే, అది 1.2 రెట్లు కాదు, 1.7 రెట్లు గట్టిపడుతుంది. ఎత్తు కోసమని పట్టీ ఎక్కించి, నెల తిరక్కుండా నడుం పట్టేసిందని తీయించుకునేవాళ్లు అందుకే ఉంటారు.

వి-క్రాస్, హైలక్స్ లాంటి బండ్లను సమం చేయాలంటే సాధారణంగా ముందు భాగాన్ని లేపుతారు. అన్నిటికన్నా చవకది స్ప్రింగు-షాకప్ జత నెత్తిన పెట్టే లోహపు బిళ్ల, అంటే స్పేసర్. ఆ జత నిలబడేది చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ కొసన కాదు, నడిమికి దగ్గరగా. అందుకే 25 మిల్లీమీటర్ల బిళ్ల చక్రం దగ్గర దాదాపు రెట్టింపు ఎత్తిస్తుంది. స్ప్రింగు గట్టిదనం మారదు కాబట్టి ప్రయాణం మొదట పాతలాగే అనిపిస్తుంది. కానీ చక్రం గుంటలోకి జారినప్పుడు ఆర్మ్ మునుపటికన్నా కిందికి దిగుతుంది. బాల్ జాయింట్లూ, ఫోర్-బై-ఫోర్ అయితే డ్రైవ్ షాఫ్టు జాయింట్లూ ఓర్చుకోలేని కోణానికి వెళ్తాయి. స్ప్రింగును ముందే అదిమి ఎత్తు తెచ్చే రకంలో, చక్రం కిందికి దిగేందుకు మిగిలే చోటు తగ్గిపోతుంది. ఖరీదైనా, కొంచెం పొడవైన స్ప్రింగునూ దానికి తగిన షాకప్‌నూ జతగా మార్చడమే నా దృష్టిలో నిజమైన మార్పు. స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది, షాకప్ దాన్ని నూనెలో వేడిగా మార్చి ఖర్చుపెడుతుంది. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేస్తే ఈ జమాఖర్చు కుదరదు.

ఏది వేయించినా ఆ రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ముందు లేస్తే క్యాస్టర్ (స్టీరింగు ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, తిప్పిన స్టీరింగు తనంతట తాను తిన్నగా వచ్చే గుణం మందగిస్తుంది. హెడ్‌లైట్లనైతే ఎవరూ పట్టించుకోరు. ఈ బండ్ల ముందు చక్రానికీ వెనక చక్రానికీ దూరం దాదాపు 3.1 మీటర్లు. ముక్కు 5 సెంటీమీటర్లు లేస్తే, 30 మీటర్ల అవతల వెలుగు అర మీటరు పైకెక్కుతుంది. ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీద ఎదురొచ్చే ఆటో డ్రైవర్ కళ్లు అక్కడే ఉంటాయి.

వెనక పని అడగాల్సింది బరువు మోసేవాళ్లు. బరువు ఎప్పుడూ ఉండేదైతే పట్టీ ఎక్కించడం న్యాయమే. అప్పుడప్పుడే అయితే గాలి నింపే, తీసే ఎయిర్ బ్యాగులు మేలు. అవి బండి నడుం వాల్చకుండా చూస్తాయే గానీ, ఆర్‌సీలో రాసిన బరువును కిలో కూడా పెంచవు. ఇంకో చిక్కుంది. కొన్ని పికప్‌లలో యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్య ఒక కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. వెనక భాగం ఎత్తును బట్టి అది బరువును అంచనా వేస్తుంది. పట్టీలతో వెనక లేపి ఆ వాల్వును సరిచేయకపోతే, నిండు బండిని కూడా అది ఖాళీదనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతిలేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చంది. కాబట్టి ఏదైనా బిగించే ముందే ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. లక్డీకాపూల్ నుంచి అదేమంత దూరం కాదు.

దానికన్నా ముందు చేయాల్సింది చవకైన పని. మామూలుగా మోసే సామానూ, మనుషులూ, నిండు ట్యాంకుతో బండిని ధర్మకాంటాకు తోలి, ముందు చక్రాలను వేరుగా, వెనక చక్రాలను వేరుగా తూకం వేయించండి. టేపుతో నాలుగు చక్రాల నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ ఇంకోసారి. ఆ కాగితం షాపులో చూపించాక కూడా, దాన్ని చదవకుండానే షాపువాడు డబ్బా దించుతున్నాడంటే ఇంకో షాపు చూసుకోండి.